ఆషాఢంలో చేపల కాపురం

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. నేను రెండూ ఒకేసారి చేసి చూశాను. ఇల్లు గాజుది, పెళ్లి చేపలది. దాంతో వేంపల్లెలో మా వీధి తడిసింది, మా అమ్మ ఆచారం మునిగింది, నా పరువు ఒడ్డున పడి గిలగిలా కొట్టుకుంది. నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే కొత్త పెళ్లాన్ని పుట్టింటికి పంపి ఒక ఆషాఢం గడిపినవాళ్లు మాత్రం కాస్త మెల్లగా నవ్వండి.

పెళ్లి ముచ్చట తీరకముందే ఆషాఢం వచ్చిపడింది. మొదటి ఆషాఢంలో అత్తాకోడళ్లు ఒకే గడప దాటకూడదు. అల్లుడు అత్తగారింటి గడప తొక్కకూడదు. ఈ నియమం పెట్టినవాడికి పెళ్లి కాలేదని నా గట్టి నమ్మకం. మా మామ పత్తికొండలో టమాటాల వ్యాపారి. ఆయన వచ్చి హారికను తీసుకుపోయాడు. పోతూ పోతూ ఆమె నాకు అప్పగించింది తన అక్వేరియం, అందులో రెండు ఏంజెల్ చేపలు. ఇవి సిక్లిడ్ జాతివట. ఈ జాతిలో మొగుడూ పెళ్లాం కలిసి గుడ్లకు కాపలా కాస్తాయట, పిల్లల్ని వెంటేసుకుని తిప్పుతాయట. అది కళ్లారా చూడాలని ఆమెకు ఎప్పటినుంచో ఆశ.

"ఇవి గుడ్లు పెడితే చెప్పు బావా. యాడుండినా పరిగెత్తుకొస్తా" అంది వాకిట్లో నిలబడి.

పరిగెత్తుకొస్తా అన్న మాట తప్ప మిగతాదేదీ నా బుర్రకెక్కలేదు.

ఆమె పోయాక ఇల్లు బోసిపోయింది. ఆషాఢంలో మా బట్టల కొట్లో ఈగలు తోలుకోవడమే పని. ఆ ఈగలు కూడా జంటగానే వచ్చేవి. నాకు అన్నం సయించేది కాదు. గాలి సోకిందేమో అనుకుని అమ్మ దిష్టి తీసింది. దిష్టి కాదమ్మా, బెంగ అని చెప్పడానికి సిగ్గు.

చేపలు గుడ్లు పెట్టాలి, హారిక రావాలి. నాకు వేరే దారి కనబడలేదు. కానీ ఆ చేపలు రెండింటికీ క్షణం పడేది కాదు. మగది తరిమేది, ఆడది తొట్టిలోని గాలి గొట్టం వెనక దాక్కునేది. ఫోను చేశాను.

"మధ్యలో అద్దం నిలబెట్టు బావా. అటొకటి, ఇటొకటి ఉండాల. సూసుకుంటాయి గానీ తాకలేవు. నిదానంగా మనసు కలుస్తాది."

"మనకు పెట్టినట్టేనా?"

"మనకు అద్దం కూడా లేదు కద బావా" అంది.

అద్దం నిలబెట్టాను. చెంబుతో పైనుంచి కొత్త నీళ్లు చిలకరించాను, వానొచ్చిందని అవి అనుకోవాలి కదా. మా సీమలో మనుషులనే అలా నమ్మించడం కష్టం. గుడ్లు పెట్టడానికి కడప బండ ముక్కొకటి ఏటవాలుగా ఆనించాను. మా ఇళ్లలో వంటగట్టు కడప బండే, మెట్లూ కడప బండే, శోభనపు మంచం కూడా అదే అయితే తప్పేముంది?

అమ్మ చూసింది. "ఆషాఢంలో జతేందిరా? శ్రావణం దాకా ఆ అద్దం తీయొద్దు, చెప్తాండా."

"చేపలకు ఆషాఢమేందిమా?"

"మనింట్లో ఉండాయి కదా. మన పద్ధతే."

కక్కొచ్చినా కల్యాణమొచ్చినా ఆగదంటారు. అమ్మ గుడికి పోయిన సమయం చూసి అద్దం తీసేశాను. అవి కొట్టుకోలేదు. ఇద్దరూ కలిసి నోటితో బండను శుభ్రం చేయడం మొదలుపెట్టారు. ఒక పొద్దున చూస్తే బండ మీద వరసగా సగ్గుబియ్యం అతికించినట్టు గుడ్లు! రెండూ పక్కపక్కనే నిలబడి రెక్కలతో విసురుతున్నాయి. నాకు కుళ్లు పుట్టింది, నిజం.

"హారికా, పెట్టినాయి!"

"నిజంగానా బావా? నాయన లోడు రేపు కడపకు పోతాండాది. ఆ బండిలోనే వస్తా!"

మర్నాడు టమాటాల బండి మా ఇంటి ముందు ఆగింది. హారిక దిగింది. జుట్టంతా దుమ్ము, ముఖమంతా నవ్వు. వెనకే మామ దిగాడు. నేను మెట్టు దిగేలోపు అమ్మ వాకిలికి అడ్డంగా చేతులు చాపింది.

"ఆడనే నిలబడు తల్లీ! గడప తొక్కొద్దు."

"తొక్కనులే అత్తా. ఈడ్నించే సూస్తా."

ఈడ్నించి ఏం కనబడుతుంది? తొట్టి లోపలి గదిలో ఉంది. ఆమె మెడ సాచి సాచి చూస్తోంది. నాకు ప్రాణం ఉసూరుమంది.

"అయితే తొట్టినే బయటికి తెస్తా!" అన్నాను.

"నీళ్లు తీసేయాల గదప్పా?" అన్నాడు మామ.

"గుడ్లు ఎండిపోతాయి మామా. బండ మునగాల్సిందే."

"సరే పట్టు. టమాటా బాక్సులెత్తిన చేతులివి."

ఇద్దరం ఎత్తాం. లోపల నీళ్లు అటూ ఇటూ ఊగుతున్నాయి. అమ్మ గోడకు అతుక్కుని "నిదానం, నిదానం" అంటోంది. వాకిలి దగ్గరికొచ్చాం. నేను చూడాల్సింది గడపను. చూసింది హారికను. కాలు తట్టుకుంది. తొట్టి మూల అరుగుకు కొట్టుకుని ఫట్‌మంది. నీళ్లన్నీ వీధిలోకి దూకాయి, బండ మట్టిలో పడి ముక్కలైంది, చేపలు అరుగు మీద ఎగురుతున్నాయి. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు. నేను 'పెట్టినాయి' అని ఒక్క నిజం చెప్పి ఒక కాపురం కూల్చాను.

"అయ్యో, నా చేపలు!" అని హారిక ఒకదాన్ని దోసిట్లో పట్టుకుంది. "అయ్యో, పాపం!" అని అమ్మ బయటికి ఉరికి రెండోదాన్ని కొంగులో పట్టింది. ఇద్దరూ భుజం భుజం రాసుకుంటూ లోపలికి పరిగెత్తి నీళ్ల బిందెలో వేశారు. చేపలు కదిలాయి. హమ్మయ్య అనుకున్నాక ఇద్దరూ తమ కాళ్ల వంక చూసుకున్నారు.

"దాటినామా?" అంది అమ్మ.

"దాటినాం అత్తా."

"ఇద్దరమూ?"

"ఒగేసారి."

నాకు మాత్రం గుండెలో పండగ. "దాటిందేదో దాటినారు గదమ్మా. ఇంగ హారిక పోవాల్సిన పనేముండాది?" అన్నాను.

"ఉండాదిరా! ఈ దోషం పోవల్ల. ఇప్పుడే పంపిస్తాం. శ్రావణం రాంగానే పిల్చుకొద్దామనుకుంటి, ఇంగ వరలక్ష్మీ వ్రతం అయినాకనే."

అలా నా విరహాన్ని నేనే పొడిగించుకున్నాను. తొట్టి లేదు కాబట్టి చేపలు కూడా ఆమెతోనే బయలుదేరాయి. బండి కదిలింది. ఆమె బిందెను ఒళ్లో పెట్టుకుంది. చేయి ఊపాలంటే రెండు చేతులూ బిందె మీదే ఉన్నాయి. తల మాత్రం మలుపు తిరిగేదాకా నా వైపే ఉంది.

పత్తికొండలో పెరట్లోని సిమెంటు తొట్టిలో వదిలారట. కొన్నాళ్లకే మళ్లీ గుడ్లు, ఆపైన పిల్లలు. రోజూ వీడియో కాల్ వచ్చేది. ఫోను నిండా చేపలే. గొంతు హారికది, ముఖం చేపది.

"ఒక్కసారి ఫోను నీ దిక్కు తిప్పు హారికా."

"ఆగు బావా, పిల్లలు వాటి నాయన ఎనకాల ఎట్ల పోతాండాయో సూడు! మాయమ్మకు ఆ మగచేపంటే శానా ముద్దు. రెండు పూటలా తనే మేత ఏస్తాది."

అంటే ఏమిటి? ఆ మగచేప ఆషాఢంలో, మా అత్తగారింట్లో, మా అత్త చేతి మేత తింటూ, పెళ్లాంతో కాపురం చేస్తోంది. అసలు అల్లుణ్ణి నేను వేంపల్లెలో ఈగలు తోలుతున్నాను.

కాబట్టి సమస్త జీవకోటికీ ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, ఇకమీదట చేపలవి కాదు కదా, దోమల సంబంధం కూడా నేను కుదర్చను. వచ్చే జన్మ మాత్రం నాకు పత్తికొండలో, ఆ సిమెంటు తొట్టిలోనే కావాలి.