పచ్చబొమ్మలో మా నాయన నడక

మొన్న తిరువళ్ళూరు నుంచి తిరుత్తణికి స్కూటర్ మీద వెళ్తుంటే, ఊరు మొదట్లో పెద్దరోడ్డు కూడలి దగ్గర నాకు ఎర్రదీపం పడింది. ఎదురుగా స్తంభం మీద, నడిచేవాళ్ళకోసం పెట్టిన పెట్టెలో పచ్చబొమ్మ నడవడం మొదలుపెట్టింది. పూలబుట్టతో ఒక అవ్వ దాటి వెళ్ళిపోయింది. రోడ్డంతా ఖాళీ. అయినా ఆ బొమ్మ ఆరదే! నా పక్కన ఆగిన ఆటో ఆయన హారన్ మీద చెయ్యి పెట్టి, "ఏందక్కా, ఈ బొమ్మకి ఇల్లూ వాకిలీ లేదా? ఎంతసేపు నడస్తాది?" అన్నాడు. నాకు ముందు నవ్వొచ్చింది, ఆ వెనకే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. ఆ నడక ఎవరిదో నాకు తెలుసు.

మాది అత్తిమంజేరిపేట పక్కన చెరుకు, వేరుశనగ పండించే ఇల్లు. మా అన్నను చేసుకుని వచ్చిన వదినది తిరునిన్రవూరు. ఇంజనీరింగ్ చదివి, చెన్నైలో ట్రాఫిక్ సిగ్నళ్ళు డిజైన్ చేసే కంపెనీలో పనిచేసేది. ఆ ఉద్యోగమేమిటో మా ఊళ్ళో ఎవరికీ అంతుబట్టలేదు. పక్కింటి అత్త గోడ మీదినుంచి, "మీ కోడలు కరెంటు కంబం ఎక్కతాదంటనే, నిజమా?" అని మా అమ్మనడిగి, మర్నాడు చెడిపోయిన మిక్సీ తెచ్చి మా అరుగు మీద పెట్టింది. వదిన పాపం దాన్ని విప్పి బాగుచేసింది కూడా. ఇక చెప్పాలా, ఆరోజునుంచీ ఆమె ఊరందరికీ లైట్ల కోడలే. నేను పదితో చదువు ఆపేసినదాన్ని, నాకు మాత్రం కూర్చోబెట్టి చెప్పింది: "దీపం ఎలిగించేది ఎవురైనా చేస్తారు పాపా. ఎవురి వంతు ఎప్పుడు, ఎంతసేపు అనేది చెప్పాల, అదీ నా పని." "అట్లయితే మన ఇంట్లో బాత్రూము కాడ ఒకటి పెట్టు వదినా, అన్న తెల్లారి పోతే బయటికే రాడు" అన్నాను. ఆమె నవ్విన నవ్వుకు కొట్టంలో బర్రె లేచి నిలబడింది.

మా నాయన పెళ్ళికి ముందునుంచీ ఏటా ఆడికృత్తిక పండక్కి తిరుత్తణి సామి కొండకు నెమలీకల కావడి ఎత్తేవాడు. మోకాలు అరిగినా మానలేదు. ఒక ఏడు ఆ పెద్దరోడ్డు దాటుతుంటే సగంలో రెండు పక్కలా లారీలు వచ్చేశాయట. కావడి భుజాన పెట్టుకుని రోడ్డు నడుమ బిగుసుకుపోయి నిలబడ్డాడట. లారీ గాలికి నెమలీకలు విరిగి ఎగిరిపోయాయి. ఇంటికొచ్చి కావడిని అటకెక్కించేశాడు. ఆ మరుసటేడు ఎత్తలేదు. ఎందుకని అడిగితే, "సామికి తెలుసులే" అనేవాడు. అమ్మ మాత్రం వంటింట్లో నా చెవిలో, "భయపడినాడు మే. చచ్చినా ఒప్పుకోడు" అంది.

ఆ రోడ్డు కూడలికి దీపాలు పెట్టే పని వదిన చేతికే వచ్చింది. మామ మళ్ళీ అటక మీది కావడి దించాలని ఆమె పంతం. మా కళ్ళంలో ముగ్గుపిండితో రోడ్డు వెడల్పుకు రెండు గీతలు గీసి, "మామా, ఈ గీత కాడినుంచి ఆ గీతకి ఒకసారి నడవండి. నడిచేవాళ్ళ దీపం ఎంతసేపు పెట్టాల్నో చూస్తా" అంది. కొత్తకోడలి ముందు కుంటుతాడా మా నాయన! పంచె బిగించి, రొమ్ము విరిచి, పోలీసు ఉద్యోగానికి పోయే పిల్లాడిలా నడిచేశాడు. అమ్మ నోరు తెరవబోతే ఒక్క చూపు చూశాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. వదిన సెల్లులో టైము చూసుకుని, తన పుస్తకాల్లో చెప్పిన నడకకు మామ నడక సరిపోయిందని మురిసిపోయింది.

దీపాలు వెలిగించి చూసే రోజు మమ్మల్ని కూడా రమ్మంది. అమ్మ కొత్త స్తంభానికి పసుపు పూసి, కుంకుమ పెట్టి, నిమ్మకాయ కట్టింది. వదిన పై ఆఫీసరు తల గోక్కున్నాడు గాని వద్దనలేదు. నాయన ఎవరికీ చెప్పకుండా కావడి దించి తెచ్చాడు. పచ్చబొమ్మ వెలగగానే "హరోహర" అంటూ రోడ్డులోకి దిగాడు. సగం దాటేసరికి బొమ్మ మినుకుమినుకుమంది. మోకాలు పట్టేసింది. నాయన మళ్ళీ అక్కడే, ఆ నడిరోడ్డులోనే, బిగుసుకుపోయాడు. వదిన చెప్పులు వదిలేసి పరిగెత్తింది. ఒక చెయ్యెత్తి బస్సునాపి, రెండో చేత్తో ఆయన మోచెయ్యి పట్టుకుని ఇవతలికి తెచ్చింది. బస్సు డ్రైవరు అరవంలో తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

వదిన కోప్పడలేదు. "మామా, ఆ పొద్దు కళ్ళంలో నడిచింది ఎవురు?" అంది మెల్లగా. నాయన తల వంచుకుని, "పెండ్లికి ముందర ఉండే నేను నడిచినానమ్మా" అన్నాడు. "ఆయన్ని ఇంటికాడ వదిలేయండి. ఇప్పుడుండే ఆయన్ని నడవమనండి. ఈ దీపం పెట్టేది ఆయన కోసమే." నాయన కావడి సర్దుకున్నాడు. వదిన బండ్లన్నీ ఆపించి, సెల్లులో టైము చూసుకుంటూ పక్కన నడుస్తుండగా మళ్ళీ దాటాడు. ఈసారి మోకాలు ఎక్కడ ఆగితే అక్కడ ఆగుతూ, ఊపిరి తీసుకుంటూ, సామిని తలుచుకుంటూ. ఆఫీసరు, "ఇంతసేపు పెడితే బండ్లోళ్ళు తిట్టరామ్మా?" అన్నాడు. "తిట్టనీండి సార్, నన్నే కదా" అంది వదిన.

ఆ ఆడికృత్తికకు నాయన కొండెక్కాడు. ఆ తర్వాత కూడా, కాళ్ళు మొత్తానికే మొరాయించేదాకా, ఎక్కుతూనే ఉన్నాడు. ఇప్పుడు ఆయన లేడు. కావడి అన్న ఎత్తుతున్నాడు. వదిన వేరే ఊళ్ళ కూడళ్ళు గీస్తోంది. ఎక్కడికి పోయినా ముందు ముసలివాళ్ళ వెనక నడిచి చూస్తుందట, వాళ్ళకు తెలియకుండా.

ఆటో ఆయన మళ్ళీ హారన్ కొట్టాడు. "కొంచెం ఉండన్నా, మా నాయన దాటతాండాడు" అన్నాను. ఆయన ఖాళీ రోడ్డును చూశాడు, నన్ను చూశాడు, హారన్ మీద చెయ్యి తీసేశాడు. కాలం ఎవరికోసమూ ఆగదంటారు. ఆ మాట అన్నవాళ్ళు మా తిరుత్తణి కూడలి దాకా వచ్చి ఉండరు.