వెచ్చదనం కోసం చెయ్యి వేసిన పొద్దు

నంజుండప్ప గారు ఇక లేరు. మొన్న పొద్దున కళ్యాణదుర్గంలో, తాను ధ్యానం నేర్పే మేడమీది గదిలో, కూర్చున్నవారు కూర్చున్నట్టే వెళ్ళిపోయారు. ఆ మాట అందరికంటే ముందు నేనే పైకి చెప్పాల్సి వచ్చింది. ఇప్పుడు రాయడానికి ఓపిక కూడా మిగల్లేదు.

ధర్మవరం పట్టుచీరల వ్యాపారం తమ్ముళ్ళకు వదిలి, పాలి భాష నేర్చుకుని, బౌద్ధ ధ్యానంలోకి దిగిన మనిషి ఆయన. నేను వేరుసెనగ మండీలో లెక్కలు రాసేవాణ్ణి. ఆయన దగ్గర ధ్యానం నేర్చుకుంటూ, బోధికి, అంటే జ్ఞానోదయానికి, దశలెన్ని, ఒకటి దాటినట్టు గుర్తేమిటని వేధించేవాణ్ణి. దారిలో తొలి అడుగు వేసిన స్రోతాపన్నుడి నుంచి తృష్ణ పూర్తిగా తీరిన అర్హంతుడి దాకా నాలుగని విసుక్కోకుండా చెప్పేవారు. సంజ్ఞ, వేదన, అంటే గుర్తుపట్టడం, అనుభూతి పూర్తిగా ఆగే నిరోధ సమాపత్తి వేరే సంగతి. చివరి రెండు దశలవారిలో కొందరికే అది సాధ్యం. అది లేకుండానే విముక్తులైనవారూ ఉన్నారు. "ఆగాల్సింది తృష్ణ, అప్పా. మనసు కాసేపు ఆగితే సంబరపడొద్దు" అనేవారు.

ఒకసారి బస్సు కండక్టరు తిప్పేస్వామి మెరిసే కళ్ళతో లేచాడు.

"సార్, నిన్న ధ్యానంలో నాకు నిరోధం వచ్చినాది. అంతా ఆగిపోయినాది."

"కునుకు గాదు కదా?"

"ఒట్టు సార్."

"సరే. ఇంటికి పోయి పెండ్లాన్ని తిట్టినావా?"

"తిట్టినా సార్."

"అయితే కరెంటు పోయి వచ్చినట్టు లేప్పా. ఫ్యాను అదే, చప్పుడూ అదే."

అందరికంటే గట్టిగా తిప్పేస్వామే నవ్వాడు.

తన స్థితి గురించి మాత్రం ఆయన ఎన్నడూ చెప్పలేదు. అందుకే ఏదో ఉందని మేం నమ్మాం.

మొన్న ఎండ గదిలోకి వచ్చినా ఆయన కళ్ళు తెరవలేదు. శ్వాస కనిపించలేదు. ఎవరమూ భయపడలేదు. నిరోధంలో శ్వాస ఆగుతుందని ఆయనే నేర్పారు మరి. చేతులు జోడించి కూర్చున్నాం. ఆయన భార్య సరస్వతమ్మ గారు పైకి వచ్చి భుజం పట్టబోతే తిప్పేస్వామి అడ్డుపడ్డాడు.

"తాకొద్దమ్మా. ఏడు రోజులైనా అట్లే ఉంటారంట."

ఆమె నా వైపు తిరిగింది. "ఏమప్పా, నువ్వు చెప్పు. ఆస్పత్రికి తీసకపోదామా, ఊరికే సూస్తా కూర్చుందామా?"

చనిపోయినవారికీ నిరోధంలో ఉన్నవారికీ శ్వాస, మాట, మనసు ఆగుతాయి. నిరోధంలో ఉన్నవారికి ఆయువు, ఒంటి వేడి మిగులుతాయి. అది నాకు కంఠతా వచ్చు. చెయ్యి వేస్తే తేలిపోతుందని తెలుసు కనుకనే వేయబుద్ధి కాలేదు. చివరికి ఛాతీ మీద వేశాను. చల్లగా ఉంది. తీయకుండా అలాగే ఉంచాను. కాస్త వెచ్చబడినట్టనిపించింది. అది నా చేతి వేడే.

"పోయినారమ్మా."

ఆమె ఆయన పక్కన కూలబడింది. "లేసేటప్పుడే ఎదలో నొప్పిగా ఉండాదన్యాడు. పోవద్దంటే, పాపం వాళ్ళు వచ్చి కూర్చోనుంటారు అన్యాడు."

ఆయన ఏ దశకు చేరారో ఇక ఎవర్నడగను? ఆ నొప్పితోనే మా ఎదుట కూర్చున్నారు. మేం దాన్ని చూసి ఎంత ప్రశాంతమో అనుకున్నాం. ఆ మనిషికి నా నమస్కారం.