మబ్బు అవతల

కాటన్‌పేట ఇంటర్నెట్ సెంటర్లో నేను విమాన యుద్ధాల ఆట మొదలుపెట్టిన కొత్తలో, గాల్లోకి లేచిన రెండు నిమిషాలకే ఎవరో ఒకరు నన్ను కూల్చేసేవారు. అవతల ఆడేవాళ్లు ఏ దేశంలో ఉన్నారో కూడా తెలిసేది కాదు. ఇక మానేద్దామనుకున్న ఒక మధ్యాహ్నం, పక్క కుర్చీలోని పెద్దాయన నా వైపు వంగాడు.

"కాల్చేది తర్వాతప్పా. ముందు దిగేది నేర్చుకో."

ఆయన విమానాల ఫ్యాక్టరీలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. ఆనాటి నుంచి రోజూ నా పక్కన కూర్చునేవాడు. కళ్లు మూసుకుని, ఇంజిన్ శబ్దం వింటూ, అరచేతిని గాల్లో మెల్లగా కిందికి వంచేవాడు. ఆ చేతిని ఓరకంట చూస్తూ నేను జాయ్‌స్టిక్ కదిలించేవాణ్ణి. పదిహేను రోజులకు, తూట్లు పడిన రెక్కతో మొదటిసారి రన్‌వే మీద క్షేమంగా దిగాను.

"మీరూ ఒకసారి నడపండి సార్," అన్నాను సంబరంగా.

"ముప్పై ఏండ్లు రిపేరి చేసినా గానీ, ఒక్కసారన్నా ఎక్కి పోయింది లేదప్పా. నువ్వే తిప్పు, నేను చూస్తా."

మర్నాడు యుద్ధం వదిలేసి, విమానాన్ని సముద్రం మీదుగా మేఘాల్లోకి తీసుకుపోయాను. కాసేపటికి వెనక శత్రు విమానం కనబడగానే పక్కకు తిప్పబోయాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు.

"కాలిస్తే కాల్చనీలే. ఇంజిన్‌లో ప్రాణం ఉండాది కదా, ఈ మబ్బు దాటనీప్పా."

మబ్బులో ఉండగానే రెక్క అంటుకుంది. అయినా దాటాం. అవతలంతా ఎండ.

కుర్చీలో కూర్చున్న ఆయన, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.