అందరికీ ఒకటే ప్రశ్న

పెద్ద డాక్టర్ గారికి ఒకటే పిచ్చి. ఎదురుపడ్డ మనిషినల్లా బాత్రూంకి పంపందే ఆయనకు తోచదు.

ఒళ్లంతా స్కాన్ తీసి క్యాన్సర్ ఎక్కడుందో వెతికే విభాగం ఆయనది. ముందుగా ఎక్కించే మందు జబ్బున్న చోట మెరుస్తుంది. అది మూత్రంలోనూ దిగుతుంది కాబట్టి మూత్రాశయమూ వెలిగిపోయి చూసేవాళ్లను తికమక పెడుతుంది. అందుకని పొత్తికడుపులో కాస్త మెరుపు కనిపిస్తే చాలు, పేషెంట్‌ని మళ్లీ బాత్రూంకి పంపి ఇంకోసారి తీయిస్తారు. అంతవరకు సబబే. కానీ అలవాటు ముదిరి, ఏసీ బాగుచేయడానికి వచ్చినవాణ్నీ, తనిఖీకి వచ్చిన అధికారినీ కూడా "వెళ్లొచ్చారా?" అని అడగసాగారు. కొత్త అల్లుడు ఇంటికొస్తే కూర్చోమనక ముందే అదే ప్రశ్న. ఎవరైనా నవ్వితే, ఇన్నేళ్లలో తాను నేర్చిన వైద్యం ఇదొక్కటేనని ఆయనా నవ్వేసేవారు.

ఆయన కింద కొత్తగా చేరిన చిన్న డాక్టర్‌కి ఇదంతా నామోషీగా ఉండేది. ఆమె గోల్డ్ మెడలిస్టు. ఆ సంగతి ఎవరూ అడగరు కనుక పాపం తనే చెప్పుకునేది.

ఒకరోజు ఒక అమ్మాయి అత్తగారిని వెంటబెట్టుకొచ్చింది. ఆ అమ్మాయికి లింఫ్ గ్రంథుల క్యాన్సర్‌కి కీమో పూర్తయింది. జబ్బు పోయిందో లేదో ఈ స్కాన్‌తో తేలాలి. మెడ, ఛాతీ శుభ్రంగా ఉన్నాయి. కుడివైపు అండాశయం మాత్రం మెరుస్తోంది. చిన్న డాక్టర్ హాల్లోకి వెళ్లి నెలసరి గురించి అడిగింది. అమ్మాయి తల దించుకుంది. కీమోతో ఆగిపోయిందని అత్తగారు చెప్పింది. ఆగిపోయిన అండాశయానికి మెరుపెక్కడిది? జబ్బు అక్కడికీ పాకిందని తేల్చేసి, రిపోర్టులో అంతలేసి మాటలు కుదిరినందుకు లోలోపల మురిసిపోయింది కూడా.

పెద్దాయన స్క్రీన్ చూసి, "బాత్రూంకి పంపమ్మా" అన్నారు.

"అది అండాశయం సార్. బాత్రూంకి వెళ్తే పోదు."

"నువ్వూ తోడు వెళ్లు."

ఇంత చదివి బాత్రూం తలుపు దగ్గర కాపలానా అని తన రాతను తానే తిట్టుకుంటూ వెళ్లింది. అమ్మాయి చేతులు కడుక్కుంటూ, కుళాయి కట్టేయకుండానే గొంతు తగ్గించింది.

"డాక్టర్ గారూ, రెండు వారాల కిందట నాకు నెలసరి వచ్చింది. అత్తయ్యకి చెప్పలేదు. మనవల మీద ఆశపడ్డాక మళ్లీ ఆగిపోతే ఆవిడ తట్టుకోలేదు. ఇది మీకు చెప్పాల్సిన విషయమేనా?"

నెల మధ్యలో, అండం ఎదిగే రోజుల్లో అండాశయం అలాగే మెరుస్తుంది. చిన్న డాక్టర్ మెడల్‌తో సహా పప్పులో కాలేసింది.

పెద్దాయన అల్ట్రాసౌండ్ కూడా తీయించారు. గడ్డ లేదు. ఎదుగుతున్న అండం ఉంది. ఈసారి నెలసరి అయ్యాక ఇంకోసారి చూద్దామన్నారు.

"చుట్టాలు వెంటరాని చోటు ఈ ఆసుపత్రిలో ఆ బాత్రూం ఒక్కటేనమ్మా" అన్నారు చిన్న డాక్టర్‌తో.

"మరి ఏసీ అతన్నెందుకు సార్ అడగడం?"

"ఆడవాళ్లనే పంపితే అత్తగార్లకి అనుమానం రాదూ?"

అమ్మాయి అత్తగారిని లోపలికి పిలిచి తనే చెప్పింది.

"నాకు నువ్వు దక్కితే చాలనుకున్నానే. ఇది దాచడానికి నేనేమైనా పరాయిదాన్నా?" అని ఆవిడ కోడలిని కసిరి, కళ్లజోడు తుడుచుకుని స్క్రీన్ ముందుకు జరిగింది. "ఏదీ, ఆ మెరుపు నాకూ చూపించండి."

చిన్న డాక్టర్ లేచి తన కుర్చీ ఇచ్చింది.