నేను కోసేసిన పద్నాలుగు సెకన్లు

2022లో నేను కడపలో ఒక చిన్న కమ్యూనిటీ రేడియోలో పనిచేస్తున్నాను. ఆదివారం మధ్యాహ్నం నాదొక కార్యక్రమం ఉండేది. చుట్టుపక్కల ఊళ్లలో నాటకాలాడేవాళ్లలో విలన్ వేషం కట్టేవాళ్లను పిలిచి, ఆ పాత్రలుగానే మాట్లాడించేదాన్ని. ముఖ్యమైన ప్రశ్నలు రెండే: ఎందుకు చేశావు, ఇప్పుడు బాధ ఉందా. చాలామంది మీసం మెలేసి, విరగబడి నవ్వి, మైకు పగలగొట్టినంత పని చేసేవాళ్లు.

కమలాపురం దగ్గరి ఏసోబు అలా చేయలేదు. అరవై దాటిన చిన్న రైతు. తనే రాసుకున్న నాటకంలో కొండప్ప అనే దుర్మార్గుడి వేషం వేస్తాడు. పంచాయతీ ఎన్నికల్లో తనకు ఎదురు నిలబడ్డ రైతు, ఇంటిల్లిపాదితో క్రిస్మస్ ఆరాధనకు వెళ్లిన సమయం చూసి, కొండప్ప ఆ రైతు చీనీ తోటంతా, అంటే బత్తాయి చెట్లన్నీ, నరికేస్తాడు. కథ అంతే.

"ఏం కొండప్పా, చెట్లేం చేసినాయి నిన్ను?" అని మొదలుపెట్టాను.

"చెట్లేం చేస్తాయమ్మా? మనిషిని కొడితే నాలుగు దినాలకు మానుతాది. కాపుకొచ్చిన చీనీ చెట్టు నరికితే, మళ్లా కాపు చూసేదానికి ఐదారేండ్లు పడతాది. అన్నేండ్లూ ఏడుస్తాడు."

"నరికేదానికి చెయ్యెట్లా ఆడింది?"

"మొదటి చెట్టుకు ఆడల్యా. పది చెట్లయినాక అలవాటైపాయ."

"ఇప్పుడేమన్నా బాధ ఉండాదా?"

ఏసోబు తల వంచుకున్నాడు. గడియారం చూశాను. పద్నాలుగు సెకన్లు. తర్వాత మెల్లగా, "తెల్దమ్మా" అన్నాడు.

మా పనిలో దాన్ని డెడ్ ఎయిర్ అంటారు, రేడియోలో ఏ శబ్దమూ రాని సమయం. నాలుగు సెకన్లు దాటితే వినేవాళ్లు స్టేషన్ ఆగిపోయిందనుకుని మార్చేస్తారు. ఎడిటింగ్‌లో ఆ పద్నాలుగూ కోసేశాను. ప్రసారంలో నా ప్రశ్న వెనకే "తెల్దమ్మా" అని టక్కున పడింది. "అబ్బ, ఏం పొగరు!" అని ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు.

మర్నాడు పొద్దున్నే ఏసోబు బస్సు దిగి నేరుగా మా ఆఫీసుకొచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నా మాట కోసేస్తివే తల్లీ!"

"మాటేం కోయలేదన్నా. మధ్యలో ఖాళీగా ఉంటే తీసేశానంతే."

"ఆ చెట్లు నావమ్మా. ఎలక్షన్లో నిలబడింది నేనే. నరికిందెవరో ఇప్పటికీ తెల్దు. తొమ్మిదేండ్లుగా వాని వేషం నేనే కడతాండా. ఎందుకు నరికినాడో అర్థమాయ. బాధపడినాడో లేదో మాత్రం అంతుపట్టల్యా. ఆ దినం నువ్వడిగితే మొదటిసారి అనిపిచ్చె, వానికీ బాధ ఉంటాదేమో అని. వాడు ఈ పక్క ఊళ్లోడే అయ్యుంటాడు. రేడియో వింటాంటే, ఆ మాట వానికి చేరల్ల గదా! నువ్వేమో వాన్ని పొగరుబోతును చేసి పెడితివి."

నాకు సిగ్గేసింది. పదేళ్ల పనిలో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు.

తర్వాతి ఆదివారం ఒక్క సెకను కూడా తీయకుండా మళ్లీ ప్రసారం చేశాం. ఏసోబు నా పక్కనే కూర్చున్నాడు. "స్టేషన్ ఏమన్నా పోయిందా మేడమ్?" అని వెంటనే రెండు ఫోన్లు. మేనేజరు చేత చీవాట్లు సరేసరి. మూడో ఫోనులో ఎవరూ మాట్లాడలేదు. ఊపిరి వినిపిస్తోంది. "హలో" అన్నాను, జవాబు లేదు. పెట్టేయబుద్ధి కాలేదు. చివరికి వాళ్లే పెట్టేశారు.

అది అతనేనని చెప్పలేను. రాంగ్ నంబరైనా కావచ్చు. అయినా ఏసోబుకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ తర్వాత ఎవరి మౌనాన్నీ వాళ్లనడక్కుండా కోయలేదు. ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది అదొక్కటే అనుకోండి.

ఆ రోజు నా మాట విని, "ఎంతసేపుండె, ఫోన్లో?" అని అడిగాడు ఏసోబు.

అలవాటుకొద్దీ గడియారం చూసే ఉన్నాను. "ఇరవై సెకన్లన్నా."

"నాకంటే ఆరు ఎక్కువే" అని, భుజం మీది తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు.