నవ్వితే తడిసే రోజులు

ఆ రోజుల్లో విశాఖపట్నాన్ని నేను బాత్రూముల లెక్కన గుర్తుపెట్టుకునేదాన్ని. కంచరపాలెం నుంచి అచ్యుతాపురం దాకా కంపెనీ బస్సులో గంటన్నర ప్రయాణం. ఆ దారిలో ఏ పెట్రోలు బంకులో నీళ్ళు వస్తాయో, ఏ బంకులో తాళంచెవి ఎవరి జేబులో ఉంటుందో, ఏ హోటల్లో టీ తాగకపోయినా లోపలికి వెళ్ళనిస్తారో కళ్ళు మూసుకుని చెప్పగలిగేదాన్ని (చెప్పమని ఎవరూ అడగలేదనుకోండి). వయసు ఇరవై నాలుగు. చేతిలో ఐదు నెలల పాప, కుట్టు కంపెనీలో ఉద్యోగం, నెత్తి మీద ఎవరికీ చెప్పుకోలేని ఒక రహస్యం.

రహస్యం ఏమిటంటే, పాప పుట్టినప్పుడు నాలుగు కిలోలకు కాస్త తక్కువ తూగింది. "ఏనుగుపిల్లని కన్నావే" అని మా అత్త మురిసిపోయింది. ఆ ఏనుగుపిల్ల వస్తూ వస్తూ లోపల ఏ మర సడలించిందో గాని, కాన్పు తర్వాత తుమ్మినా, దగ్గినా, బిందె ఎత్తినా నాలుగు చుక్కలు పడేవి. నవ్వితే మరీ. నాలుగు చుక్కలని మర్యాదకి అంటున్నాను, మీరు కాస్త ఎక్కువే ఊహించుకోండి. అసలే నాది తొమ్మిదేళ్ళ దాకా పక్క తడిపిన చరిత్ర. మా నాయనమ్మ ఆ బొంతని వీధిలోకి కనబడేలా ఆరేసి, దారినపోయే వాళ్ళందరికీ "రేతిరి మా గుంట ఓడ నడిపింది" అని చెప్పేది. ఆ ఓడ మళ్ళీ రేవుకొచ్చిందని నా భయం. తొమ్మిదేళ్ళ పిల్ల సంగతే ఊరంతా చెప్పుకుంటే, ఒక బిడ్డ తల్లి సంగతి ఎవరికి చెప్పను?

అందుకని సొంత వైద్యం మొదలుపెట్టాను. మొదట నీళ్ళు తాగడం మానేశాను. బ్యాగులో సీసా కూడా పెట్టుకునేదాన్ని కాదు. లేత రంగు బట్టలన్నీ పెట్టె అడుక్కి పోయాయి. నల్లవి, ముదురు నీలానివి, వంకాయ రంగువి పైకొచ్చాయి. లోపల పాత చీర ముక్కలు మడతలు, బ్యాగు అడుగున ఇంకో జత బట్టలు. అన్నిటికంటే కష్టమైనది నవ్వడం మానెయ్యడం. అది కష్టం ఎందుకయిందంటే, బస్సులో నా పక్క సీటు రేడియో వదినది.

ఆవిడ నాకు వరసకు వదినేమీ కాదు, బస్సులో అందరికీ వదినే. నలభై దాటిన మనిషి, బొత్తాలు కుట్టే మిషను మీద పని. బస్సెక్కగానే మొదలుపెట్టి గేటు దగ్గర దిగేదాకా ఆపకుండా చెప్పేది కాబట్టి రేడియో. చెప్పేది మాత్రం జిల్లా కలెక్టరు ఆర్డరు చదివినట్టు, ముఖంలో ఒక్క గీత కదలకుండా. చుట్టూ ఆడవాళ్ళు పొట్టలు పట్టుకుని మెలికలు తిరిగిపోతుంటే నేను పెదవి కొరుక్కుని కిటికీలోంచి బయటకి చూస్తూ, ఏదైనా విషాదం తలచుకోవాలని తంటాలు పడేదాన్ని. మా నాయనమ్మ చనిపోయిన రోజుని తలచుకునేదాన్ని. రోజూ వాడీవాడీ చివరికి ఆ చావు కూడా అరిగిపోయింది. పాడె మోసేవాళ్ళలో ఒకడి చెప్పు తెగిపోయిన సంగతి గుర్తొచ్చి అదీ నవ్వు తెప్పించడం మొదలుపెట్టింది.

ఇలా ముఖం బిగించుకుని తిరుగుతుంటే కంపెనీలో మేనేజరుకి నామీద గొప్ప గౌరవం ఏర్పడింది. "ఆ అమ్మాయి నవ్వదు, కబుర్లు చెప్పదు, మాట్లాడితే రెండు ముక్కలే" అని నన్ను లైనుకి సూపర్‌వైజర్ని చేసేశాడు. నా క్రమశిక్షణ అంతా మూత్రాశయానిదని ఆయనకేం తెలుసు! నాకు ఆ ప్రమోషన్‌లో నచ్చిన సంగతి ఒకటే. మిషను మీద కూర్చున్నవాళ్ళు బాత్రూముకి వెళ్ళాలంటే సూపర్‌వైజరు దగ్గర టోకెను తీసుకోవాలి, సూపర్‌వైజరు ఎవరినీ అడగక్కర్లేదు. నా లైనులో టోకెను అడిగిన ఏ అమ్మాయినీ నేను కాదనలేదు. "సీరియస్ మేడం ముఖం చూస్తే భయం గానీ మనసు వెన్న" అని పేరు కూడా వచ్చింది.

ఇంట్లో మాత్రం ఈ సీరియస్ మేడం ఎవరికీ నచ్చలేదు. మా ఆయన పోర్టులో లారీలకు గేటు పాసులు రాసేవాడు. రోజంతా చూసిన వింతలన్నీ మూటగట్టుకొచ్చి, డ్రైవర్ల గొంతులు అనుకరిస్తూ నాకు చెప్పడం ఆయనకి పెళ్ళయిన నాటి నుంచీ అలవాటు. నేను మధ్యలో లేచి వెళ్ళిపోయేదాన్ని. కొన్నాళ్ళకి చెప్పడం తగ్గించాడు. తర్వాత మానేశాడు. అన్నం తిని, పాపని ఎత్తుకుని మేడ మీదకి వెళ్ళిపోయేవాడు. మా అత్త నాకు గాలి సోకిందని తేల్చి, ఎవరో పెద్దాయన దగ్గరనుంచి తాయెత్తు తెచ్చి జబ్బకి కట్టింది. కడుతూంటే ఆవిడకి తుమ్ము వచ్చింది, నాకు నవ్వు వచ్చింది, నేను పరుగు తీశాను. దాంతో గాలి సంగతి రుజువైపోయింది.

అలా ఉండగా ఒక ఉదయం కూర్మన్నపాలెం దాటాక స్టీలు చుట్టలు మోసే ట్రైలరు ఒకటి రోడ్డుకి అడ్డంగా చెడిపోయింది. ముందు లారీలు, వెనక లారీలు, మధ్యలో మా బస్సు. పావుగంట, అరగంట, ముప్పావుగంట. నాకు తెలిసిన బంకు కనుచూపు మేరలోనే ఉంది, కాని సూపర్‌వైజరు అయ్యుండి అందరి ముందూ దిగి పరిగెత్తడమెలా? సీటు అంచున కూర్చుని కాలి మీద కాలు వేశాను, తీశాను, మళ్ళీ వేశాను. మూడు వందల దాకా లెక్కపెట్టాను. ముందున్న లారీ మీద నంబరు తిరగేసి చదివాను. సరిగ్గా అప్పుడే రేడియో వదిన గొంతు సవరించుకుంది.

"నిన్న ఏటయిందో తెలుసా? పూర్ణామార్కెట్ కాడ సేపలు కొనుక్కుని బయటికొచ్చాను. మా ఆయన హెల్మెట్టెట్టుకుని బండి మీద రెడీగున్నాడు. ఎక్కీసేను. ఎక్కినకాడినుంచీ తిట్టీసేను. పొద్దున్న పాలు పొంగిపోయాయనీ, ఆయన తమ్ముడికి బుద్ధి లేదనీ, ఆళ్ళమ్మకీ లేదనీ. కంచరపాలెం వచ్చీదాకా ఒక్క మాట ఎదురు సెప్తే ఒట్టు. ఇంత ఓపిగ్గా తిట్లు తింతన్నాడేటి అని అప్పుడొచ్చింది నాకు డౌటు. దిగి సూద్దును గదా, హెల్మెట్టు తీసీసరికి ఎవరో పరాయోడు!"

బస్సంతా ఘొల్లుమంది. నేను పెదవి కొరుక్కున్నాను.

"'ఏటి బాబూ, నీకు నోరు లేదా, ముందే సెప్పొచ్చు గదా' అన్నాను. ఆడు దండం పెట్టి, 'మా ఇంటిది కూడా అచ్చం ఇలాగే తిడతాదమ్మా, నాకు అనుమానం రాలేదు' అన్నాడు."

అంతే. నాయనమ్మ గాని, పాడె గాని, మేనేజరు గాని ఎవరూ నన్ను కాపాడలేకపోయారు. ఏడెనిమిది నెలల నవ్వు ఒక్కసారి బయటికొచ్చింది, దాంతోపాటు తక్కిందీ వచ్చింది. నవ్వుతూనే ఏడుపు మొదలైంది. చీర ముక్కలు చేతులెత్తేశాయి. ట్రైలరు పక్కకి జరిగి బస్సు కదిలి కంపెనీ గేటు చేరేదాకా నేను సీటుకి అతుక్కుపోయి, లేస్తే ఏం కనబడుతుందో తలచుకుంటూ కూర్చున్నాను. అందరూ దిగుతున్నారు. డ్రైవరు అద్దంలోంచి చూసి "ఏటమ్మా, దిగవా?" అన్నాడు. నీళ్ళు ఒలికిపోయాయని చెబుదామంటే నా దగ్గర సీసాయే లేదు. నీళ్ళు మానేసిన పుణ్యం అలా దక్కింది.

"వదినా, ఒకసారి నీ నీళ్ళ సీసా ఇయ్యవా" అన్నాను.

వదిన నా ముఖం చూసింది. సీటు చూసింది. బ్యాగులోంచి తన మధ్యాహ్నం అంబలి సీసా తీసి, మూత విప్పి, సీసాడు రాగి అంబలీ నా ఒళ్ళో దబ్బున ఒంపేసింది. "ఓలమ్మో! నా సెయ్యి పడిపోనూ! పిల్ల బట్టలన్నీ పాడుసేసేను! డ్రైవరన్నా, సీటు పాడయిపోనాది, తిట్టకు నాయనా!" అని గేటుదాకా వినబడేలా అరిచింది. నేను ఉల్లిపాయ ముక్కలతో సహా అంబలిలో స్నానం చేసి, అందరి జాలి చూపుల మధ్య బాత్రూముకి నడిచాను. అంత గౌరవంగా నేనెప్పుడూ నడవలేదు.

లోపల బట్టలు మార్చుకుంటుంటే తలుపు అవతల నిలబడి అంది, "ఎన్నాళ్ళనుంచే?"

"పాప పుట్టినకాడినుంచి. వదినా, ఎవరికీ..."

"నాకు రెండోవోడు పుట్టినకాడినుంచి. ఆడికిప్పుడు పదహారేళ్ళు."

నేను తలుపు తీసేశాను. "నీకా? రోజూ బస్సంతటినీ నవ్విస్తావు కదా!"

"నవ్విత్తాను. నాను నవ్వడం నువ్వెప్పుడైనా సూసేవేటి?"

నిజమే. ఆవిడ నవ్వకుండా చెప్పడం పెద్ద కళ అని మేమందరం మెచ్చుకునేవాళ్ళం. పదహారేళ్ళుగా ఆ మనిషి మమ్మల్ని నవ్విస్తూ, తాను మాత్రం పళ్ళ బిగువున కూర్చుని ఉంది. ఆ బాత్రూము గుమ్మంలో ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. అక్కడ నవ్వితే నష్టం లేదు కాబట్టి తనివితీరా నవ్వుకున్నాం. రేడియో వదిన నవ్వగా చూడటం అదే మొదలు. ముందు పళ్ళ మధ్య చిన్న సందుంది, చాలా బాగుంటుంది నవ్వితే.

మర్నాడు ఆదివారం. మేడ మీద ఉతికిన బట్టలు ఆరేస్తూ మా ఆయనకి చెప్పేశాను. ఆయన ముఖం చూడకుండా, ఆరేసిన దుప్పటికి ఇవతల నుంచి చెప్పాను. అవతల నుంచి, "అదా? నీకు నానంటే మొహం మొత్తీసిందనుకున్నానే. నాను మాటాడ్డం మొదలెడితే సాలు, లేసి ఎల్లిపోతన్నావ్ గదా" అన్నాడు. దుప్పటి పక్కకి తీసి చూస్తే ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. (ఇంట్లో తడి నా ఒక్కదానిదే కాదన్నమాట.) మా అత్తకి చెబితే, "తాయెత్తు మట్టుకు ఇప్పకు, అదీ ఉండనీ" అంది.

తర్వాతి వారం వదినా నేనూ సీతమ్మధారలో ఒక లేడీ డాక్టరు దగ్గరకి వెళ్ళాం. ఆవిడ మా ఇద్దరి కథా విని ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. మాకదే ఆశ్చర్యం. కాన్పులో లోపలి కండరాలు వదులవుతాయనీ, చాలామందికి ఉండేదేననీ, నీళ్ళు మానేస్తే ఇంకా చేటనీ చెప్పి, ఆ కండరాన్ని బిగించి వదిలే వ్యాయామం నేర్పింది. మూత్రాన్ని ఆపుకునేటప్పుడు బిగిసేదే ఆ కండరం. ఐదు లెక్కపెట్టేదాకా బిగించాలి, ఐదు లెక్కపెట్టేదాకా వదలాలి, పదిసార్లు, రోజుకి మూడు పూటలు, కనీసం మూడు నెలలు.

"ఇది సేత్తంటే పైకి కనబడతాదేటి మేడం?" అంది వదిన.

"కనబడదమ్మా. బస్సులో కూర్చుని కూడా చేసుకోవచ్చు."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. రేడియో వదిన ఎంతైనా రేడియో. నా పేరు చెప్పలేదు గాని తన సంగతి తానే బస్సంతా చెప్పేసింది. వారం తిరిగేసరికి, నాకూ అంటే నాకూ అని పదకొండుమంది తేలారు. గాజువాక దాటగానే వదిన ముందు సీటు కమ్మీ మీద ఉంగరంతో టక్ అని ఒకసారి కొడితే బిగించడం, రెండుసార్లు కొడితే వదలడం. అన్నాళ్ళూ సంతలా ఉండే బస్సు నిశ్శబ్దమైపోయింది. ఎవరి చూపు వాళ్ళది, ఎవరి లెక్క వాళ్ళది. డ్రైవరుకి గాభరా పట్టుకుంది.

"ఏటమ్మా, కంపెనీ గానీ మూసేత్తన్నారేటి? ఒక్కలూ మాటాడ్రు?"

"ప్రాణాయామం అన్నా" అంది వదిన.

"కళ్ళు మూసుకోరేటి మరి?"

"ఇది కళ్ళు తెరిసి సేసేది."

మర్నాటి నుంచి ఆయన కూర్మన్నపాలెం దాటాక ఉన్న బంకులో బస్సు ఆపి, "టైర్లు సూడాల, ఐదు నిమిషాలు" అని దిగి, మా వైపు వీపు పెట్టి ఒక్కో టైరునీ కాలితో తన్నుకుంటూ నిలబడేవాడు. అంత మంచి టైర్లకి రోజూ ఏం జబ్బని ఎవరూ అడగలేదు. దిగేవాళ్ళు దిగేవాళ్ళు. ఒకసారి నేను థాంక్స్ చెప్పబోతే, "మా ఇంటావిడా ఇలాటి బస్సులోనే పరవాడ ఎల్తాదమ్మా" అని స్టీరింగ్ వైపు తిరిగిపోయాడు.

నాలుగో నెలకి నేను ధైర్యంగా తుమ్మాను. ఆరో నెలకి లేత పసుపు చుడీదారు వేసుకున్నాను. మేనేజరు ఒకరోజు నన్ను పిలిచి, "ఈ మధ్య బాగా నవ్వుతున్నారు, లైను క్రమశిక్షణ చూసుకోండి" అన్నాడు. ఆయన ముందే నవ్వాను.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. వదిన పని మానేసి అనకాపల్లిలో కూతురి దగ్గర ఉంటోంది. షుగరు వచ్చాక వ్యాయామం పప్పులు ఉడకడం లేదట. మొన్న ఫోను చేసి, కలెక్టరు గొంతుతో చెప్పింది. "పెద్దోళ్ళ డైపర్లు కొందామని మందుల షాపుకెల్లాను. ఆ షాపాయన గొంతు తగ్గించి 'ఎవరికమ్మా, అత్తగారికా?' అన్నాడు. 'మా అత్త పోయి పదేళ్ళయింది నాయనా, నాకే. ఆ పైవరసలో ఉన్నవి కూడా దింపు, నాలుగు రకాలు సూసి తీసుకుంటాను' అన్నాను. పాపం, సీరల కొట్టోడిలా అన్నీ పరిసీసేడు."

ఫోను పట్టుకుని వంటింట్లో కుప్పకూలిపోయాను. నాకూ నలభై దగ్గరపడుతున్నాయి. ఒకటి, రెండు అని లెక్కపెడుతూ బిగించాను గాని, వదిన "ఒకటి వేసుకుని సూసుకోవచ్చా అనడిగేను" అనేసరికి నాలుగు దగ్గర ఓడిపోయాను. పెదవి కొరుక్కుని, నల్లబట్టలు కట్టుకుని, కిటికీలోంచి బయటకి చూస్తూ కూర్చున్న ఆ ఇరవై నాలుగేళ్ళ పిల్ల అయితే వారం రోజులు తిండి మానేసి ఉండేది. నేను "వదినా, ఒక్క నిమిషం ఉండు" అని ఫోను గట్టు మీద పెట్టి, చీర మార్చుకుని వచ్చి, కుర్చీ లాక్కుని, "ఆ, తర్వాత ఏటన్నాడు?" అన్నాను.