రెండు మిల్లీమీటర్ల రాగి

తన కాలు విరగ్గొట్టిన బండిని తుక్కుకు అమ్మేస్తానని మా ఆయన అన్న రోజున నాకు ఒళ్లు మండింది. కోపం బండి మీద కాదు, ఆయన మీద. పెళ్లికి ముందు నుంచీ ఆయన దగ్గరున్న పాత మూడువందల యాభై సీసీ మోటార్ సైకిల్ అది. ఉప్పల్‌లో ఇల్లు అద్దెకు తీసుకున్నప్పుడు వంటిల్లు కూడా చూడకుండా బండికి నీడ ఉందా అని అడిగిన మనిషి, ఇప్పుడు దాని మీద పాత దుప్పటి కప్పి అటు చూడటమే మానేశాడు.

జరిగింది ఇదీ. ఇంజన్ హెడ్ గ్యాస్కెట్ కాలిపోయింది. సిలిండర్‌కీ పైన మూతలా కూర్చునే హెడ్‌కీ మధ్య, గాలి బయటికి పోకుండా బిగించే పలుచని రేకు అది. నాచారంలో మెకానిక్ అన్న కొత్తది వేసి ఇచ్చాడు. మర్నాడు కిక్ కొడితే పెడల్ ఎదురు తన్ని మా ఆయన కుడికాలి ఎముక విరిగింది. రెండు నెలలు కట్టు. కట్టు విప్పాక కూడా గోడ పట్టుకునే మెట్లు దిగేవాడు. బల్బు మార్చమన్నా, నాతోని గాదు, ఎవరినన్నా పిలువు అనేవాడు. బండి పోతే పోయింది, మనిషే ఇలా మిగిలిపోతే నేనెలా ఊరుకుంటాను? ఆ ఇంజన్‌ని ఆయన చేతే స్టార్ట్ చేయించాలని పంతం పట్టాను.

ఆదివారం బండిని ట్రాలీ ఆటో ఎక్కించి నాచారం తీసుకెళ్లి హెడ్ విప్పించాను. పెడల్ ఎదురు తన్నింది దానివల్లేనేమోనని అన్న స్పార్క్ పడే టైమింగ్ చూశాడు, సరిగ్గానే ఉంది. మళ్లీ అదే రకం సన్న గ్యాస్కెట్ బల్ల మీద పెట్టాడు. హెడ్ చేతిలోకి తీసుకుని, "ఇప్పినం గదా మేడం, ఒక ఫేసింగ్ గొట్టిద్దాం" అన్నాడు.

ఫేసింగ్ అంటే హెడ్ అడుగుభాగాన్ని లేత్ మీద గీకి చదును చేయించడం. అవసరం ఉన్నా లేకపోయినా, ఇంజన్ విప్పితే చేయించి తీరడం అన్న షాపులో రివాజు. ఈ హెడ్‌కి ఇప్పటికి ఎన్నిసార్లయిందని అడిగితే, మొన్న గ్యాస్కెట్ వేసినప్పటిదీ కలిపి మూడో నాలుగో అన్నాడు. నేను హబ్సిగూడలో పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. గీకినప్పుడల్లా లోపల పెట్రోల్ ఆవిరి మండే చోటు తగ్గిపోతుందని తట్టడానికి నాకు ఒక్క నిమిషం పట్టలేదు. చోటు తగ్గితే ఒత్తిడి పెరుగుతుంది, పెడల్ ఎదురు తంతుంది. ఫేసింగ్ వద్దే వద్దన్నాను.

మర్నాడు స్కూల్ ల్యాబ్ నుంచి బ్యూరెట్, చుక్కలు కొలిచే గాజుగొట్టం, అడిగి షాపుకి తెచ్చాను. హెడ్‌ని తిరగేసి, పైన కన్నమున్న గాజుపలక అంటించి, ఆ కన్నంలోంచి కిరోసిన్ చుక్కచుక్కగా వదిలాను. దవాఖానా పని షాపులోకి వచ్చిందని అన్న నవ్వాడు. నిండేసరికి, బండి పాత పుస్తకంలో రాసిన దానికంటే నాలుగు మిల్లీలీటర్లు తక్కువ. మళ్లీ పోశాను. మళ్లీ నాలుగే తక్కువ.

అన్న నవ్వు ఆగిపోయింది. కాసేపు హెడ్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, "సార్ కాలు ఇరగ్గొట్టింది నేనే మేడం" అన్నాడు.

అన్నని చూస్తే జాలేసింది కానీ, నేను ఓదార్చలేదు. పోయిన చోటు ఎలా తిరిగొస్తుందో చెప్పమన్నాను. రెండు సన్న గ్యాస్కెట్లు ఒకదాని మీద ఒకటి వేద్దామన్నాడు. ఆ రెంటి మధ్య నుంచి గాలి పోతే మళ్లీ మొదటికొస్తాం, కుదరదన్నాను. చివరికి, మందం పెరిగితే హెడ్ పైకి లేచి చోటు వస్తుందని, రెండు మిల్లీమీటర్ల రాగి రేకు తెచ్చి తనే గ్యాస్కెట్‌లా కోశాడు. ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచి, మెత్తబడిందని వేలితో వంచి చూపించాడు. హెడ్ బిగించాక చేతులు కడుక్కోకుండా అలాగే నిలబడ్డాడు.

రమ్మని మా ఆయనకు ఫోన్ చేశాను. ఆటో దిగి దూరంగానే ఆగిపోయాడు. కిక్ కొట్టడానికి అన్న ముందుకొస్తే వద్దన్నాను. చున్నీ నడుముకి బిగించి నేనే పెడల్ మీద కాలు పెట్టాను. నాకూ భయంగానే ఉంది, ఎందుకు దాచాలి? అప్పుడు కదిలాడు మా ఆయన.

"నువ్వు జరుగు" అన్నాడు. "ఇరిగింది నా కాలు."

కుడికాలే పెట్టాడు. ఒకటి, రెండు. మూడోదానికి ఇంజన్ అందుకుంది. పెడల్ మెల్లగా పైకి వచ్చింది. అన్న తల పక్కకి తిప్పుకున్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంతలో మా ఆయన చెయ్యి చాచి ఇంజన్ ఆపేశాడు. ఏమైంది, నొప్పా అని అడిగాను.

"ఇంకోసారి గొడ్త" అన్నాడు, మళ్లీ కాలెత్తుతూ.